కాండక్ట్ కాలమ్‌లో ఒక మాట

“మార్చేదాకా కదలను సార్,” అంది అనసూయమ్మ.

పద్మారావు నగర్‌లోని ఆ బడి తెరవడానికి ఇంకా నాలుగు రోజులుంది. తరగతి గదులన్నిటికీ తాళాలు. ఆఫీసులో కొత్త హెడ్మాస్టర్ భానుప్రకాశ్ ఒక్కడే ఉన్నాడు. ఉద్యోగంలో చేరి వారం కూడా కాలేదు, అప్పుడే ఈ పెద్దావిడ వచ్చి నెత్తిన కూర్చుంది.

ఆయన మళ్లీ కాగితం చదివాడు. టెన్త్ పాసైన దేవకృప అనే పిల్ల టీసీ. పేరు, పుట్టిన తేదీ, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కాండక్ట్ అన్నచోట ‘సాటిస్‌ఫ్యాక్టరీ’ అని రాసి ఉంది.

“దీంట్ల తప్పేముందమ్మా?” అని ఫోన్‌లో డిక్షనరీ తెరిచి చూపించాడు. “తృప్తికరం అట. మంచి మాటే కదా.”

“ఇయ్యాల ఇంటికి పోయి, కూర తృప్తికరంగా ఉందని మేడమ్‌తోని చెప్పుండ్రి. రేపు డబ్బా కడుతదేమో చూద్దాం.”

భానుప్రకాశ్ నవ్వు ఆపుకున్నాడు. ఆ మాటకు డిక్షనరీలో ఒక అర్థం, బళ్లలో ఇంకో అర్థం అని ఆయనకూ తెలుసు. బుద్ధిమంతులకు ‘గుడ్’ అని రాస్తారు. ఈ పిల్లతో జాగ్రత్త అని చెప్పాలంటే ‘సాటిస్‌ఫ్యాక్టరీ’ అని రాస్తారు. చదివేవాళ్లకు అర్థమైపోతుంది, తిట్టినట్టు సాక్ష్యం మాత్రం ఉండదు.

ఇంటర్‌లో నర్సింగ్ కోర్సు ఉన్న కాలేజీవాళ్లకూ అర్థమైంది. ‘గుడ్’ ఉంటేనే హాస్టల్ సీటు అన్నారు. ఈ సాయంత్రం ఐదింటికి గడువు. దేవకృప తల్లి పొద్దున్నే చిలకలగూడ నుంచి వచ్చి, ఏమీ అనకుండా ఆ కాగితం అనసూయమ్మ చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఒక్క మాటైనా అని ఉంటే బాగుండేదని అప్పటినుంచీ అనసూయమ్మకు ఒకటే బాధ.

“ఇంతకీ ఆ పిల్ల ఏం చేసింది?”

“ఆడపిల్లల బాత్రూమ్ తలుపుకు గొళ్లెం లేకుండె సార్. ఏడాది పొడుగునా చెప్పింది. ఎవ్వరు ఇనలే. ఇన్‌స్పెక్షన్ రోజు తొమ్మిది మందిని ఎంటేసుకొని గేటు కాడ కూసుంది. ఆఫీసర్లు కారు దిగినా లేవలే. సాయంత్రానికి గొళ్లెం వచ్చింది. పరీక్షలయినంక ఈ మాట వచ్చింది.”

“పాత మేడమ్ మస్తు స్ట్రిక్ట్ అని విన్న. ఊరికే రాస్తరా?”

“స్ట్రిక్టు కాదు, పంతం. పదిమంది ముందట పరువు పోయిందని మంట. పదిహేనేండ్ల పిల్ల మీద తీర్చుకుంది.” అనసూయమ్మ గొంతు పెరిగింది. “దేవకృప మంచిది కాకుంటే ఈ బళ్లె ఎవ్వరూ మంచోళ్లు కాదు. రాసినామె అసలే కాదు.”

“మీకేమవుతది ఆ పిల్ల?”

“ఏం కాదు. ఏం కానోళ్ల కోసం అడగొద్దని రూలుందా?”

భానుప్రకాశ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనకూ ఆ పిల్ల మీద జాలిగానే ఉంది.

“అది నేను రాసింది కాదమ్మా. నా అంతట నేను కొట్టేస్తే రేపు మేనేజ్‌మెంటు నన్నడుగుతది. తప్పు నాదేనని రాసినామె కాగితం ఇస్తే ఇప్పుడే మారుస్త. అంత పంతం మనిషి ఇస్తదా మరి?”

“ఇయ్యకుంటే ఇడిచిపెడతనా?” అంది అనసూయమ్మ.

అప్పటికి మూడున్నరైంది. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. బల్ల మీది తెల్లకాగితం ఒకటి అడక్కుండానే తీసుకుని మొదటి వాక్యం రాసింది: ‘పోయిన నెల ఈ బడి హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన అనసూయమ్మ అనే నేను, దేవకృప టీసీలో ఆ మాట కోపంతో రాశాను.’