ఆదివారం కోట కాపలా

కోట తలుపు మీద రాక్షసులు విరుచుకుపడుతుండగా కంప్యూటర్ మళ్లీ బిగుసుకుపోయింది.

"నీ దుంప తెగ! ఇప్పుడేనా?" అంటూ పెర్లిటా దాని నెత్తిన ఒక్కటిచ్చింది. మూత ఊడదీసి, టేబుల్ ఫ్యాన్‌ని దాని పొట్టలోకి తిప్పి పెట్టింది. అయినా ఆ ముసలి యంత్రం పొయ్యిలా కాగుతోంది.

ముందు గదిలోంచి లాండో ముసలాయన కేక వినిపించింది.

"అమ్మాయ్ పెర్లిటా! మళ్లీ ఆగింది! నత్తల్ని కట్టి నడుపుతున్నావా ఈ నెట్ షాపు?"

"నెట్ బాబాయ్! సముద్రంలో తీగేదో తెగిందట!" నోటికొచ్చిన అబద్ధం ఆడేసింది.

తీగా లేదు, పాడూ లేదు. 'వీరద్వీపం' ఆటని దాని కంపెనీ ఎప్పుడో మూసేసింది. ఇప్పుడది నడుస్తున్నది ఈ గింబాల్ ఊరి బజారులో, ఈ వెనక గదిలో, ఈ డొక్కు కంప్యూటర్‌లోనే.

ఇదంతా ఆమె మొగుడు ఎర్నింగ్ నెత్తికెత్తుకున్న పని. లాండో ఓడల్లో పనిచేసి ఇల్లు చేరిన ఒంటరి మనిషి. ఆటలో దోస్తులు తప్ప నా అన్నవాళ్లు లేరు. కంపెనీ ఆట ఎత్తేస్తోందని తెలిసి, "బాబాయ్ తట్టుకోలేడే" అంటూ ఎర్నింగ్ ఎక్కడెక్కడో వెతికి, దాన్ని తెచ్చి ఇందులోకి ఎక్కించాడు. ఆ దోస్తులు డాన్సోయ్, టీచర్ బెబాంగ్ అప్పటికే ఆట మానేశారు. వాళ్ల బొమ్మల్ని ప్రతి ఆదివారం మధ్యాహ్నం, లాండోకి తెలియకుండా, ఎర్నింగే ఆడించేవాడు. పోయినేడు ఎర్నింగ్ పోయాడు. ఆ పని పెర్లిటా మెడకి చుట్టుకుంది.

ఆమెకి ఆటంటేనే ఒళ్లు మంట. ఎడమ చేతి కింద డాన్సోయ్, కుడి చేతి కింద బెబాంగ్. సౌదీలో లారీ నడిపే డాన్సోయ్ అయితే మాటకో తిట్టు కలపాలి. సెబూ ఊరి టీచరమ్మ అయితే మాటకోసారి దేవుణ్ని తలవాలి. ఒకసారి కంగారులో టీచరమ్మ చేత పచ్చి బూతు తిట్టించింది కూడా. "టీచరమ్మకి ఇవాళ కోపమొచ్చింది" అనుకుని ఊరుకున్నాడు లాండో, పిచ్చి మారాజు.

ఆ మనిషితో ఆడటం ఇంకో నరకం. యుద్ధం మంచి రంజు మీద ఉండగా సిగరెట్టుకని లేచిపోతాడు. దోస్తులిద్దరూ ఎదురుగా ఉన్నా ఒకరితో మాట అయ్యాకే రెండోవాళ్లని పలకరిస్తాడు. అదీ 'మోకాలి నొప్పి తగ్గిందా' అని! కత్తి ఎత్తడానికి ఒక యుగం, దించడానికి ఇంకో యుగం. షాపునిండా కుర్చీలు ఖాళీగా ఉంటే, వెనక గదికి ఆమడ దూరాన, వీధి గుమ్మం పక్కనున్న పాడు కంప్యూటరే కావాలంటాడు.

"ఇక్కడ గాలొస్తుందమ్మాయ్" అంటాడు. ట్రైసికిల్ ఆటోల పొగ తప్ప అక్కడ ఏ గాలీ రాదు.

పొద్దున్నే బకోలోద్ నుంచి అక్క ఫోన్ చేసి తిట్టింది.

"పిల్లకాయలంతా సెల్‌ఫోన్లలో ఆడుకుంటుంటే ఇంకా ఎవరి కోసమే ఆ షాపు? తలుపులేసి నా దగ్గరికొచ్చెయ్."

"ఎలా వస్తానక్కా? ఆట ఆగిందంటే ఆ ముసలాయన మంచం పడతాడు" అంది పెర్లిటా.

ఆ మాట గుర్తొచ్చి ఇంకా ఉక్రోషం వచ్చింది. కసిగా ప్లగ్ పీకింది. మెమరీ ముక్క ఊడదీసి, పెన్సిల్ రాతలు చెరిపే రబ్బరుతో దాని అంచు గీసి గీసి రుద్దింది. ఎర్నింగ్ నేర్పిన వైద్యం. ఉఫ్ అని ఊది మళ్లీ గుచ్చింది. "నా తండ్రే, నా బంగారమే, ఈ ఒక్కపూట నడువు" అని బతిమాలింది.

యంత్రం గురక పెట్టింది, వెలిగింది. కోట కనిపించింది. పెర్లిటా గబగబా డాన్సోయ్ చేత రాయించింది: "ఎక్కడ చచ్చావ్ ముసలోడా? మా ఎడారిలో కూడా ఆగిపోయింది!"

ముందు గది నవ్వుతో దద్దరిల్లింది. "సౌదీలోనూ ఆగిందటమ్మాయ్! ఆ తీగెవడిదో గాని చాలా పొడుగ్గా ఉందే!"

ఎంత చిరాకులో ఉన్నా పెర్లిటాకి ఫక్కున నవ్వొచ్చేసింది. ముందు గదిదాకా వినపడేలా పొట్ట పట్టుకుని నవ్వింది.

నవ్వుతూనే రెండు చేతులా పోరాడింది. డాన్సోయ్ గొడ్డలి తిప్పుతున్నాడు, బెబాంగ్ మందులు పోస్తోంది, లాండో తాపీగా కత్తి ఎత్తుతున్నాడు. కోట తలుపు పగిలింది. అప్పుడే డొక్కు కంప్యూటర్ వెనక టప్పుమని చప్పుడైంది. కాలిన వాసన గదంతా కమ్మింది.

మీట నొక్కింది. మళ్లీ నొక్కింది. రబ్బరుతో రుద్దింది. కొట్టింది, తిట్టింది, దండం పెట్టింది. దానిలో ప్రాణం లేదు.

"నా వల్ల కాలేదయ్యా" అని ఎర్నింగ్ ఫొటో వంక చూసి బావురుమంది. ఇక ఏ తీగ కథా అతకదు. నిజం చెప్పెయ్యాల్సిందే. విని ఆ ముసలాయన కుప్పకూలితే? కళ్లు తుడుచుకుని ముందు గదిలోకి వచ్చింది.

కుర్చీ ఖాళీగా ఉంది. కీబోర్డు పక్కన, ఆమె కోసం ఆయన తెచ్చిన వేడి పుటో కుడుముల పొట్లం విప్పకుండా ఉంది.

లాండో బయట మెట్ల మీద, ఆమెకి వీపు చేసి కూర్చున్నాడు. వేళ్ల మధ్య సిగరెట్టు. చెవి దగ్గర ఫోను. ఆయనకి ఫోనుందనే పెర్లిటాకి తెలియదు. చెవి కాస్త మందం కావడంతో వీధంతా వినపడేలా అరుస్తున్నాడు.

"ఆదివారం మధ్యాహ్నం నాకు ఫోన్ చెయ్యొద్దని నీకూ ఆ టీచరమ్మకీ ఎన్నిసార్లు చెప్పాన్రా డాన్సోయ్, ఎర్నింగ్ పోయాక ఆ పిల్ల నవ్వు వినపడేది ఈ ఒక్కపూటే, నేను ఆట మానేశానంటే అది మంచం పడుతుందిరా!"