నీలి మచ్చ పక్కన చేప

"ఎవడు చెప్పాడు?"

తలుపు తోసిన ఊపుకి గోడ సున్నం రాలింది. సరంగు ఎలెవుతేరియో రేవు గోడ మీద నుంచి పీకిన పటాన్ని పట్టుకుని లోపలికి దూసుకొచ్చాడు. కంప్యూటర్ ముందు కూర్చుని సెబిచే తింటున్న యోవానా, నిమ్మరసం కారుతున్న చేప ముక్కని నోటి దాకా తెచ్చి ఆపింది.

"ఏం చెప్పడం మావయ్యా?"

"ఇదిగో, ఈ మచ్చ!" పటాన్ని బల్ల మీద పరిచి వేలితో పొడిచాడు. "దీని పక్కన చేప బొమ్మ ఎవడు వెయ్యమన్నాడు?"

పుంటా గరీటా రేవులో యోవానా ఉద్యోగమే అది. ఉపగ్రహం పైనుంచి సముద్రపు నీళ్ల వేడి చూసి పంపుతుంది. ఆమె దాన్ని పటంగా మార్చి పొద్దున్నే రేవు గోడకి అంటిస్తుంది. వెచ్చటి నీళ్లు ఎరుపు, చల్లటి నీళ్లు నీలం. అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకి తన్నుకొచ్చే చోట చేపకి మేత దొరుకుతుంది. ఇన్నాళ్లూ ఆమె మచ్చలు చూపించి ఊరుకునేది. ఏ మచ్చలో చేప ఉందో, ఏది ఉత్త నీళ్లో మీరే చూసుకోండి అనేది. ఇవాళ మొదటిసారి ఒక మచ్చ పక్కన చేప బొమ్మ వేసి, "రేపు ఇక్కడ" అని రాసింది.

ఆ మచ్చ మీద ఎలెవుతేరియో ప్రాణాలన్నీ ఉన్నాయి. నీళ్లలో మునిగి ఉన్న రాతిగుట్ట అది. తండ్రి పోతూ పోతూ చెవిలో చెప్పిన చోటు. జాలర్లని కాచే సాన్ పెద్రో పండక్కి ఊరందరికీ వండిపెట్టే పెద్ద మెరో చేపల్ని ఏటా అక్కడి నుంచే తెస్తాడు. ఎక్కడ పట్టావని ఎవరైనా అడిగితే మీసం దువ్వి ఇంకో దిక్కు చూపిస్తాడు. ఆ రేవులో ఏ సరంగైనా చేసేదదే. అడగ్గానే నిజం చెప్పేసేవాణ్ణి అక్కడ వెర్రిబాగులవాడి కింద జమకడతారు.

"మా ఆవిడకి చెప్పలేదు. కన్నకొడుక్కి చెప్పలేదు. చేప ఎక్కడ పడింది మావయ్యా అని నువ్వు పడవ పడవకీ తిరిగి అడిగావే, అప్పుడు నీకూ చెప్పలేదు!"

"అవును, దీపస్తంభం దగ్గరన్నారు."

"అన్నానుగా! మరి ఇదెట్లా తెలిసింది? ఒక్క నికనోర్‌గాడే. పోయినేడు పొగమంచులో సరిగ్గా అక్కడే ఎదురై, దారి తప్పానని బొంకాడు. వాడే చెప్పుంటాడు!"

ఆ 'గాడు' వినగానే యోవానా చేప ముక్కని మళ్లీ గిన్నెలో పెట్టేసింది. నికనోర్ అంటే ఎలెవుతేరియో కొడుక్కి జ్ఞానతండ్రి. ఆ పిల్లాడి జ్ఞానస్నానం నాటి నుంచీ ఇద్దరూ ఒకరినొకరు 'కంపాద్రే, మీరు' అనుకోవడమే తప్ప ఏకవచనం ఎరగరు. రేపు పండగలో సాన్ పెద్రో విగ్రహాన్ని పడవలో చెరోపక్కా పట్టుకోవాల్సిందీ వాళ్లే.

"రేపు వాడు నా పడవెక్కాలి, నీళ్లలోకి తోసేస్తా. సాన్ పెద్రో అడ్డమొచ్చినా సరే!"

"తొందరపడకండి మావయ్యా, ఆయన అసలు..."

తలుపు మళ్లీ దడాలుమంది. ఈసారి నికనోర్. చేతిలో ఫోను, ఫోనులో అదే పటం. మొహం ఉడికిన పీతలా ఉంది.

"దొరికావు!" ఎలెవుతేరియో ఒక్క అంగలో వెళ్లి కాలరు పట్టుకున్నాడు. "నా చోటు ఊరంతా చాటింపేయించావు కదరా!"

"నీ చోటేంట్రా? నా చోటు!" నికనోర్ కూడా కాలరు దొరకబుచ్చుకున్నాడు. "నా వెనక పొంచి పొంచి చూసి, ఈ పిల్ల చెవిలో ఊదింది నువ్వు!"

యోవానా సెబిచే గిన్నెని భద్రంగా పక్కకి జరిపింది.

"నీదా? ఎప్పట్నించి?"

"మా తాత నుంచి. నువ్వు ఏ వేళప్పుడు పోతావక్కడికి?"

"తెల్లారగట్ల."

"నేను గాలి తిరిగాక, మధ్యాహ్నం."

ఇద్దరి చేతులూ సడలాయి.

"మరి ఆ పొగమంచు రోజు దారి తప్పానన్నావు?"

"తమరేమన్నారు కంపాద్రే? తమరూ దారి తప్పాననేగా అన్నది!"

ఎలెవుతేరియోకి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. నికనోర్ చొక్కా నలిగితే తనే సర్దాడు. స్నేహం దక్కినందుకు మనసు తేలికపడింది కానీ, చోటు పోయిన మంట అలాగే ఉంది. అంతలో వాకిట్లో గోల మొదలైంది. రేవులోని సరంగులందరూ అక్కడే ఉన్నారు. "ఇంజనీరమ్మా, బయటికి రా! నా చోటు నీకెవడు చెప్పాడు?" "నీదేంటెహె, నాది!" అని ఒకరి మీద ఒకరు పడిపోతున్నారు.

కంపాద్రేలిద్దరూ మొహమొహాలు చూసుకుని, ఒక్కటైపోయి యోవానా వైపు తిరిగారు.

"అయితే మాలో ఎవడో నోరు జారాడన్నమాట," అన్నాడు నికనోర్.

"వాడి పేరు చెప్పమ్మా," ఎలెవుతేరియో బల్ల గుద్దాడు. "రేపు సాన్ పెద్రో ఎదుటే వాడి సంగతి తేలుస్తాం."

వాకిట్లో గోల ఆగిపోయింది. అందరూ మెడలు చాచారు. యోవానా చల్లగా మిగిలిన ముక్క నోట్లో వేసుకుని, నమిలి మింగింది.

"ఎవరూ జారలేదు మావయ్యా, అక్కడే దొరికిపోయారు. చేప ఎక్కడ పడిందని నేనడిగితే, ఉపగ్రహం చూపించిన మిగతా నీలి మచ్చలన్నీ తలా ఒకటి చెప్పారు. రేవు మొత్తమ్మీద ఒక్కరంటే ఒక్కరు కూడా పేరెత్తనిది ఇదొక్కటే!"