భయం లేని టీమ్

మణికండన్ తన ల్యాప్‌టాప్‌ను పాండీశ్వరి వైపు తిప్పాడు. కోయంబత్తూరు సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అతను ఆమెకు టీమ్ లీడర్. ఇద్దరివీ తెలుగిళ్ళే అయినా, పని పడితే తప్ప అతనికి ఇంటి భాష గుర్తుకు రాదు.

"టెస్టింగ్ కాన్ఫరెన్సులో మాట్లాడేదానికి ప్రపోజల్ పంపిస్తా ఉండా. కొంచం సదివి సెప్పుమా."

'మా టీమ్‌లో ఎంత చిన్నవాళ్ళయినా భయం లేకుండా తప్పు ఎత్తి చూపుతారు' అని అందులో మొదలుపెట్టాడు.

పాండీశ్వరికి ఒళ్ళు మండింది. రిలీజ్ ముందు లోపం చెప్పిందని పోయిన వారమే, టీమ్‌లో కొత్తగా చేరిన యువరాణి అనే అమ్మాయిని అందరి ముందూ ఏడిపించాడు. వీడికిప్పుడు వేదిక ఒకటి తక్కువైంది అనుకుంది.

"ఏమన్నా తప్పుండాదా?"

"లేదణ్ణా. రొంబ బాగుండాది."

అంత సులువుగా ఆ మాట తన నోటి నుంచే వచ్చింది.

మణికండన్ సబ్మిట్ నొక్కి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"నాకు తెలుసుమా. ఉంటే నువ్వు సెప్పకుండా ఉంటావా?"

వెటకారమేమోనని ఆమె అతని ముఖంలోకి చూసింది. కాదు. అతను నిజంగానే నమ్ముతున్నాడు.

తలూపి తలూపి అతన్ని అలా నమ్మించింది తామే. పాండీశ్వరికి ఈసారి తన మీదే రోత పుట్టింది.

"అణ్ణా, ఆ మొదటి మాటే తప్పు," అంది.