ఆకుపచ్చ గీత

"దొంగ దొరికాడు, రా మామా!"

తొరాకిచి కేక విని కుమెజో దుడ్డుకర్ర పట్టుకుని గట్టెక్కాడు.

పుట్టగొడుగుల కాలం. పైన్ చెట్ల గట్టు చుట్టూ గడ్డితాడు కట్టారంటే పరాయివాడు అడుగు పెట్టకూడదు. అలాంటిది, కళ్ళద్దాల ముసలాయన ఒకడు తాడు దాటొచ్చి, సరిగ్గా పుట్టగొడుగులు మొలిచే చెట్ల వేళ్ళ దగ్గరే గొయ్యి తవ్వాడు. పక్కన సీసా. చేతిలో తెల్లపొడి కూరిన గాజుగొట్టం. అందులోకి నల్లటి మట్టినీళ్ళు దిగుతున్నాయి.

"మా చెట్ల వేళ్ళకి ఏం పోస్తున్నావురా?"

"ఏమీ పొయ్యలేదయ్యా. మట్టిలో దాగిన రంగు ఈ పొడి మీద తేలుతుందేమో చూస్తున్నా. పది నిమిషాలాగండి."

"రంగట, వీడి మొహం! సీసాలోది విషం కాకపోతే తాగు."

"తాగకూడదు బాబూ. మట్టిరంగు కరిగించే క్షారం. గొంతు కాలిపోతుంది."

"విన్నావా మామా? వాడే ఒప్పుకున్నాడు!"

మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది మోకాలి మీద. కూలబడ్డాడుగాని ముసలాయన గొట్టం వదల్లేదు.

కుమెజోకి ఆ రోజు ఎవరినో ఒకరిని కొట్టాలనే ఉంది. కొడుకు సేయిజీకి హత్యకేసులో ఉరిశిక్ష. రేపే అప్పీలు మీద ఆఖరి విచారణ. ఈ గట్టు మీద దుంపలు తవ్వుకున్నానని వాడెంత మొత్తుకున్నా, వాడి పారకంటిన మట్టీ, అవతలి కొండమీద శవాన్ని పూడ్చిన గోతిమట్టీ ఒకటేనని సాక్ష్యం చెప్పాడు ఎవరో పండితుడు. కోర్టు మెట్లెక్కని కుమెజో ఆయన మొహం చూడలేదు.

"మట్టి చూసి మనిషిని ఉరికి పంపే చదువులు మీవి!"

ముసలాయన తలెత్తాడు.

"మీరు... సేయిజీ తండ్రా?"

కొడుకు పేరు ఆ నోట వినేసరికి కుమెజో కర్ర రెండు చేతులా ఎత్తాడు.

ముసలాయన రెండు చేతులూ గొట్టానికే అడ్డం పెట్టుకున్నాడు.

పుర్రె, గాజు ఒకేసారి పగిలాయి. తెల్లపొడి నెత్తుట్లో ముద్దయింది.

ఠాణా నుంచి పోలీసు ఉసుయి వచ్చేసరికి ముసలాయనలో ఊపిరి లేదు.

"ఎంత పని చేశావు కుమెజో! గోతిమట్టి సాక్ష్యం చెప్పిన పండితుడు ఈయనే."

కుమెజో శవం పక్కన ఉమ్మేశాడు.

"అయితే ఇంకో నాలుగు తగలాల్సింది."

ఉసుయి వంగి గాజుపెంకు తీశాడు. అంటుకున్న పొడి మీద వేలెడంత ఆకుపచ్చ గీత.

"ఇది ఈ గోతి మట్టిలోంచే దిగిందా?"

"మా కళ్ళముందే" అన్నాడు తొరాకిచి.

ఉసుయి టోపీ తీశాడు.

"పొద్దున ఠాణాకొచ్చి ఈయన ఒకటే మాటన్నాడు కుమెజో. 'ఈ ఆకుపచ్చ ఆ శవం గోతిమట్టిలో తప్ప చుట్టుపక్కల ఎక్కడా లేదని ప్రమాణం చేశాను, ఈ గట్టు మట్టిలోనూ కనిపిస్తే రేపు కోర్టులో నా తప్పు నేనే ఒప్పుకుని ఆ పిల్లాణ్ణి ఇంటికి తీసుకొస్తాను' అని."