మూడో పోర్టులో బొడిపె

"ఈ పోత పోసిన వెధవ ఎవడోగానీ, వాడి చేతులు పడిపోనూ!"

మేస్త్రి పొద్దున్నుంచి ఆ మాట అనడం పదోసారి.

డీజిల్ ఇంజన్ల పనిలో అతన్ని మించినవాడు ఆ వీధిలో లేడు. కోపంలో మాత్రం ఏ వీధిలోనూ లేడు. అందుకే చిటపట మేస్త్రి అంటే గానీ ఎవరికీ తెలియదు.

బల్ల మీద వాళ్ళక్క వ్యాను ఇంజను హెడ్డు, అంటే ఇంజను పైభాగం, ఉంది. చిన్న టర్బో డీజిల్.

అక్క ఆ వ్యానులో రోగుల్ని కొండ మీది ఆసుపత్రికి తీసుకెళ్తుంది. నెల రోజులుగా బండి ఎత్తు ఎక్కలేక సగం దారిలో ఆయాసపడుతోంది. రేపు పొద్దున కూడా ఆలస్యమైతే వేరే బండి పెట్టుకుంటామని ఆసుపత్రి వాళ్ళు తేల్చి చెప్పేశారు.

"నేనుండగా నీ బండి ఎలా ఆగుతుందో చూస్తా!" అని తమ్ముడు చిటపట గ్రైండర్ పట్టాడు.

గాలి లోపలికి వెళ్ళే రంధ్రాలకి, అంటే పోర్టులకి, అంచున నీలం రంగు పూశాడు. దాని మీద అతుకులో బిగించే పల్చటి రేకు, కొత్త గాస్కెట్ పెట్టి, హోలు చుట్టూ సూదితో గీత గీశాడు. ఆ గీత దాకా ఇనుము అరగదీస్తే గాలికి ఎక్కడా అడ్డు తగలదు, బండి బాగా లాగుతుంది.

రెండు పోర్టులు నున్నగా వచ్చాయి. మూడోదాంట్లోనే వచ్చింది తంటా. గీతకి లోపలే, అరగదీయాల్సిన గోడ మీద బఠాణీ గింజంత బొడిపె. దాని పక్కన గోరంత పిచ్చుక బొమ్మ.

"పోత పోశారా, బొమ్మలేసుకున్నారా?"

ముందు పిచ్చుకని అరగదీసి పారేశాడు.

"బాబూ..."

గుమ్మంలో ఎవరో ముసలాయన. చంకలో గుడ్డసంచి. మోచేతి దగ్గర సూది గుచ్చినచోట దూది అంటించి ఉంది.

"ఏం కావాలి?"

"ఆ బొడిపె తీయకండి బాబూ."

"ఏం, నీదా?"

"దాని వెనకాలే నీళ్ళ దారి ఉంది. అక్కడ గోడ పల్చన. అందుకే బొడిపె పెట్టింది."

"గీత కనబడటం లేదా? గాస్కెట్ అబద్ధం చెప్తుందా?"

"ఆ గాస్కెట్ దీనికోసం కోసింది కాదు బాబూ. ఈ ఇంజను చేసిన కంపెనీ మూతపడ్డాక, పెద్ద ఇంజనుకీ దీనికీ కలిపి ఒకటే అమ్ముతున్నారు. దాని హోలు పెద్దది."

చిటపటకి ఒళ్ళు మండిపోయింది. పాతికేళ్ళ చేతిపని తనది. ఎవడో దారినపోయేవాడు వచ్చి గాస్కెట్ గురించి పాఠం చెప్పడమా!

"నువ్వేమన్నా దగ్గరుండి పోత పోయించావా?"

ముసలాయన సంచి ముడి విప్పబోయాడు. వేళ్ళు వణికాయి. ముడి రాలేదు.

"ఒక్క నిమిషం బాబూ, చూపిస్తాను..."

"చూసింది చాల్లే! పోవయ్యా, పనున్నవాళ్ళని పని చేసుకోనీ!"

భుజం పట్టుకుని బయటికి నెట్టాడు. షట్టర్ సగం దించేశాడు. ముడి విప్పడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి? ఆ కాస్త ఓపిక కూడా లేకపోయింది మహానుభావుడికి.

గ్రైండర్ గుయ్యిమంది. బొడిపె పోయింది. మూడో పోర్టు అద్దంలా మెరిసింది.

"చూశావా!" అన్నాడు, ఎవరూ లేకపోయినా.

బిగించే ముందు హెడ్డులో నీళ్ళు నింపి చూడటం అతనికి అలవాటు. నింపాడు.

మూడో పోర్టులో ఒక చుక్క నిలిచింది.

వేలితో తుడిచాడు. మళ్ళీ వచ్చింది. గుడ్డతో అదిమాడు. ఈసారి ధారే కట్టింది.

అది పోత ఇనుము. వెల్డింగ్ పెడితే పక్కన పగులుతుంది. ఇంకో హెడ్డు తెద్దామంటే ఎక్కడా దొరకదు. చిటపట గ్రైండర్ని గోడకేసి కొట్టాడు.

అప్పుడే అక్క షట్టర్ కింద వంగి లోపలికొచ్చింది. చేతిలో గుడ్డసంచి.

"ఏరా, మా పెద్దాయన వచ్చాడా? సంచి బయట పెట్టి ఉంది."

"ఏ పెద్దాయన?"

"నా బండిలోనే ఆసుపత్రికి వస్తాడు. హెడ్డు అరగదీస్తున్నావని నిన్న చెప్తే ఒకటే కంగారు. 'మీ తమ్ముడు తొందరపడతాడేమో, నేనోసారి వెళ్తానమ్మా' అన్నాడు." అక్క కళ్ళు బల్ల మీదికి వెళ్ళాయి. "ఈ నీళ్ళేంట్రా?"

చిటపట గుడ్డ తీసి మూడో పోర్టుకి అడ్డం పెట్టాడు.

"పోయిందా? ఒరేయ్, పోగొట్టేశావా? రేపు వాళ్ళకి ఏం చెప్పుకోనురా నేను?"

"ఆయన ఎవరసలు?" గట్టిగా అరిచాడు. తప్పు తనదని తెలిసినప్పుడే అతని గొంతు అలా లేస్తుంది.

"ఏదో కంపెనీలో వడ్రంగి అట. పాపం, ఇప్పుడు చేతులు పట్టు తప్పాయి. గుండీలు కూడా నేనే పెడతాను."

"వడ్రంగికి ఇంజను గురించి ఏం తెలుసు?"

సంచి లాక్కుని ముడి విప్పాడు. చిటికెలో వచ్చేసింది.

లోపల నల్లబడిన కొయ్య అచ్చు ఒకటి. ఇనుము కరిగించి పోయకముందు, దాని ఆకారం మొదట ఇలాంటి కొయ్యలోనే పుడుతుంది. అందులో మూడు పోర్టులు తొలిచి ఉన్నాయి. మూడోదాంట్లో బొడిపె, దాని మీద పెన్సిలు రాత: 'వెనక నీళ్ళు. ముట్టుకోవద్దు.'

దాని పక్కన, ఇందాక తను అరగదీసి పారేసిన పిచ్చుకే, ఉలితో చెక్కి ఉంది.