బావిలో సాక్షి

ఇంజిన్ బందైంది గాని, బావిలో పొగ కదల్లేదు.

జాన్సన్ గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. అడుగున బురదలో తుకారాం వెల్లకిలా పడి ఉన్నాడు. ఎన్ని కేకలేసినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

జనవాడ శివారులో ఉన్న ఆ బావి జాన్సన్‌ది. ఆయన బీదర్ కాలేజీలో జువాలజీ చెబుతాడు, సేద్యం తెలియదు. ఈ ఎండాకాలం పూడిక తీయిద్దామనుకుంటే కరెంటు లేదు. డీజిల్ ఇంజిన్‌ను బావి లోపలి మెట్టు మీదికే దింపుదాం, లేకుంటే నీళ్లు పైకి ఎక్కవు అన్నారు కూలీలు. ఆ చుట్టుపక్కల అందరూ చేసే పనే. ఇంజిన్ నడుస్తుండగా పైపు మూతికి చెత్త అడ్డం పడింది. "దిగి తియ్యి" అని తుకారాంతో అన్నది జాన్సనే.

కూలీల్లో ఒకడైన చంద్రప్ప సగం దాకా దిగి, దగ్గుకుంటూ వెనక్కి ఎక్కి గట్టు మీద కూలబడ్డాడు.

"ఊపిరాడ్తలేదు సారూ. దిగినోడు దిగినట్టె పోతడు."

ఫైరింజన్ బీదర్ నుంచి రావాలి. అందాకా తుకారాం ప్రాణం నిలుస్తుందా?

బావి తనది, దిగమన్న మాటా తనది. జాన్సన్ చొక్కా పై గుండీ విప్పాడు. పిల్లలు గుర్తొచ్చారు. మళ్లీ పెట్టుకున్నాడు. దాంతోపాటు క్లాసులో ఏటా చెప్పే పాఠమూ గుర్తొచ్చింది. తేనెటీగ కుట్టి చచ్చేది తన తుట్టె కోసం. ఉడుత అరిచి గద్ద కంటబడేది తన పిల్లల కోసం. త్యాగమంటే రక్తం తన్ను తాను కాపాడుకునే ఉపాయమే. పరాయివాడి కోసం ఏ ప్రాణీ చావదు. మొన్నొక అమ్మాయి లేచి, మరి సిలువ సంగతేంటి సార్ అని అడిగితే క్లాసంతా నవ్వింది. చర్చికి పోయే మనిషే అయినా, అది ఆదివారం పాఠమని దాటవేశాడు.

ఇప్పుడు ఆ పాఠం చాటున నిలబడటం ఆయనకు హాయిగా ఉంది. తుకారాం తనకేమవుతాడు గనుక?

అంతలో రాజవ్వ నెత్తి మీది మట్టి తట్ట విసిరేసి పరుగెత్తుకొచ్చింది. తాడు దగ్గర నిలబడ్డ మొగుడు హనుమంతు రెక్క పట్టుకుంది. ఏ ఆడదైనా మొగుణ్ణి అలాంటి బావికి దూరంగా లాక్కుపోతుంది. ఈమె బావి వైపు తోసింది.

"దిగు నువ్వు. వాడు సస్తె రేపు కోర్టుల మనోనికి దిక్కెవడు?"

ఆమె బాధ అక్కడందరికీ తెలిసిందే. హైదరాబాదులో హైటెక్ సిటీ చుట్టూ అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. అక్కడికి కంకర తోలే లారీ మీద వాళ్ల కొడుకు అంబాదాసు డ్రైవరు. దుబల్గుండి దగ్గర ఆ లారీ కింద పడి ఒక ముసలాయన పోయాడు. ఆ వేళ నడిపింది తాను కాదని, ఓనరు తమ్ముడని జైల్లో అంబాదాసు మొత్తుకుంటున్నాడు. ఓనరు కాదంటున్నాడు. లారీలో ఉన్న మూడో మనిషి, అప్పట్లో దాని క్లీనరుగా ఉన్న తుకారాం. రేపు బీదర్ కోర్టులో అతని సాక్ష్యం. అతని నోటి మాటతో అంబాదాసు ఇంటికొస్తాడని ఊరంతా అనుకుంటోంది.

హనుమంతు కదల్లేదు. బావిలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఏం జూస్తున్నవ్? కొడుకు కంటె నీ పానం తీపైందా?" అంది రాజవ్వ.

అతను పెళ్లాం మొహంలోకి చూశాడు. ఏదో చెప్పబోయి మింగేశాడు. భయపడుతున్నాడనుకున్నాడు జాన్సన్.

"ఇంకెవ్వరు దిగరా?" అన్నాడు హనుమంతు.

ఎవరూ తలెత్తలేదు. జాన్సన్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

హనుమంతు నడుముకు ఒక తాడు బిగించుకున్నాడు. తుకారాం కోసం ఇంకో తాడు భుజాన వేసుకున్నాడు. తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని, "ముందుగాల వాన్ని గుంజుండ్రి సారూ, తర్వాత నన్ను" అని, ఊపిరి బిగబట్టి దిగిపోయాడు.

తుకారాం పైకొచ్చాడు, ఊపిరి సన్నగా ఆడుతోంది. హనుమంతు నడుముకున్న తాడు మాత్రం కింది నుంచి కదల్లేదు. జాన్సన్ అరచేతులు చీరుకుపోయేలా లాగాడు. హనుమంతు తల వాల్చేసి, తడిసిన గోనెసంచిలా వచ్చాడు.

ఇద్దర్నీ జీపులో వేసుకుని బీదర్‌కు పరుగు తీశారు. దారి పొడుగునా రాజవ్వ ఒడిలో పెట్టుకున్నది మొగుడి తల కాదు, తుకారాం తల. కొంగుతో విసురుతూ, రేపటి దాకా బతుకు కొడుకా అని బతిమాలుతూనే ఉంది. జాన్సన్ కళ్లు తుడుచుకున్నాడు. తన పాఠం ఇంత కర్కశంగా నిజమవుతుందని ఆయన అనుకోలేదు.

ఇద్దరికీ గండం గడిచిందని డాక్టరు చెప్పేసరికి సాయంత్రమైంది. హనుమంతు ఆక్సిజన్ మాస్కులో నిద్రపోతున్నాడు. రాజవ్వ కొడుక్కు కబురు చెప్పడానికి జైలు దగ్గరికి పోయింది. పక్క మంచం మీద తుకారాం కళ్లు తెరిచాడు.

జాన్సన్ అతని చెయ్యి పట్టుకున్నాడు. దిగమన్నందుకు క్షమించమన్నాడు. పైకి తెచ్చింది హనుమంతే అని చెప్పాడు.

తుకారాం తల తిప్పి పక్క మంచం వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"తండ్రి గదా. కొడుకు కోసం ఎవరైనా దిగుతారు," అన్నాడు జాన్సన్.

తుకారాం మాస్కు పక్కకు జరుపుకున్నాడు. అతని కళ్లు నిండిపోయాయి.

"నడిపింది అంబాదాసే, కోర్టుల అదే చెప్తనని పొద్దుగాలనె ఆయనకు చెప్పిన సారూ."