ఇరవయ్యో సంగతి

"మంచినీళ్లు తాగు ముందు. సంగతి యాడికీ పోదు," అంది దాదాబీ, ఇత్తడి చెంబు అందిస్తూ.

ఖాసిం సాబ్ అందుకుని, తాగకుండానే చెంబు పక్కన పెట్టాడు. విడపనకల్లులో కొలిమి పెట్టుకుని, ఇరవై ఏళ్లుగా సమ్మెట పట్టిన కమ్మరి ఆయన. ఈసారి ఆయన వచ్చింది సంగతి చెప్పడానికి కాదు. ఇన్నేళ్లూ చెప్పిన సంగతులన్నీ వెనక్కి తీసుకోవడానికి.

బర్మా యుద్ధం ముగిసి పటాలం నుంచి ఇల్లు చేరాక, 1946 ఎండాకాలంలో, ఆయన గార్లదిన్నె పక్కనున్న ఈ పల్లెను వెతుక్కుంటూ మొదటిసారి వచ్చాడు. బర్మాలో చనిపోయిన తోటి సిపాయి హజరత్ వలి కడపటి మాటను అతని తల్లికి చేరవేయాలి. కలరా వచ్చి పోయిన వీధిలో తెరిచి ఉన్న తలుపు ఒక్కటే కనబడింది. గడపలో నిలబడిన దాదాబీని అడిగాడు. ఆమె నీళ్లిచ్చింది, విన్నది, ఏడ్చింది. చివరికి, "ఆడ ఏమి తింటాండె వాడు?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు ఖాసిం దగ్గర జవాబు లేదు. కల్పించాడు. మరుసటి ఏడు వచ్చి ఇంకొకటి కల్పించాడు. ఆయన యుద్ధంలో ఉండగానే కన్నతల్లి పోయింది. ఏడాదికి ఒక్కసారి 'అమ్మా' అని పిలవడానికి ఈ గడప తప్ప ఆయనకు మరో గడప లేదు. దాదాబీ అడిగేదే గాని, వలి గురించి తానుగా ఏమీ చెప్పేది కాదు. అదే ఆయనకు సౌకర్యమైంది.

పోయిన నెల అనంతపురంలో మాజీ సిపాయిల సంఘం వారు ఆయన చేతికి ఒక కాగితమిచ్చారు. చనిపోయిన తోటివారి గురించి తెలిసిన నిజాలు రాసిస్తే, వాటిని వారి ఇళ్లకు పంపుతారట. ఖాసిం కలం పట్టుకుని కూర్చున్నాడు. నిజం నాలుగు వాక్యాలకే అయిపోయింది. ఆ కాగితం ఈ గడపకు చేరకముందే తాను చేరాలనుకున్నాడు.

దాదాబీ ఆయన తెచ్చిన బొరుగుల ఉండల పొట్లం విప్పింది. ఏటా చేసినట్టే రెండు ఉండలు తీసుకెళ్లి పక్కింటి మొండిగోడ మీద పెట్టి వచ్చింది. ఆ ఇంటి మాబీ, ఆయన మొదటిసారి రావడానికి నెల ముందే కలరాతో పోయిందనీ, కడపటి గుక్క నీళ్లు తానే పోసిందనీ దాదాబీ ఎప్పుడో చెప్పింది. పోయినవాళ్లు వచ్చి తింటారన్న నమ్మకం ఖాసింకు లేదు. తినేది చీమలు. ఆ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు.

ఆయన చూపు, అలవాటుగా, దూలానికున్న ఉయ్యాల కొక్కేల మీదికి పోయింది. ఇనుము పనివాడి కన్ను. ఇన్నేళ్లయినా వాటిలో ఒరిపిడి లేదు. సుత్తి దెబ్బలు దిగ్గొట్టిన నాటిలాగే ఉన్నాయి. మేలైన ఇనుమనుకునేవాడు.

"ఏమప్పా, నాలుక ఇంట్లో పెట్టొచ్చినావా?" అంది దాదాబీ శనక్కాయలు వలుస్తూ. "పోయినేడు వలిని ఏనుగు మీద కూర్చోబెట్టి పోయినావు. పన్నెండు నెలలుగా దిగకుండా ఆడనే ఉండాడు పాపం. ఆ ఏనుగు ఏమాయె?"

"ఏనుగు లేదమ్మా."

"చచ్చెనా?"

"పుట్టనే లేదు."

ఆమె చేతిలోని కాయను చేటలో పెట్టింది.

"వలి నాతో ఉండింది మూడు దినాలు," అన్నాడు ఖాసిం నేలను చూస్తూ. "నాలుగో దినం జ్వరంతో పోయినాడు. గార్లదిన్నె కాడ మాయమ్మ ఉండాది, పోయి చెప్పు అన్నాడు. అంతే నిజం. ఏరు ఈదింది, దొరకు రొట్టెలు కాల్చిపెట్టింది, అన్నీ నేను అల్లినవే. నువ్వు అడుగుతాంటే లేదనలేకపోయినా."

"అన్నీనా?"

"అన్నీ."

"ఈడ వాన తెగదమ్మా అని నీ చేత జాబు రాయించినాడంటివే. అది?"

"అదీ అంతే. వాన మాత్రం నిజం."

"అదొకటన్నా మిగిలె," అంది దాదాబీ, గుమ్మం అవతల మూడేళ్లుగా తడవని చేను వైపు చూస్తూ.

ఖాసిం లేచి తలపాగా చేతిలోకి తీసుకున్నాడు. "పోయిన బిడ్డ పేరు చెప్పి నీకు అబద్ధాలు తినిపించినా. రావద్దంటే ఇంక రాను."

"కూర్చో."

ఆయన కూర్చున్నాడు.

"మొదటి దినం వచ్చి నువ్వేమి అడిగితివి?"

"హజరత్ వలి ఇల్లు ఇదేనా అమ్మా అని."

"నేనేమంటిని?"

"మంచినీళ్లు తాగు ముందు అన్నావు."

"తర్వాత?"

"ఏడిస్తివి."

"ఏడిస్తిని. ఔనంటినా?"

ఖాసిం మళ్లీ దూలం మీది ఉయ్యాల కొక్కేల వైపు చూశాడు. దాదాబీ చేటలోని గింజలు ఒక పక్కకు ఎగదోసింది. పొట్లంలో మిగిలిన ఉండల్లోంచి ఒకటి తీసి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"వచ్చే ఏడు వచ్చి ఆ ఏనుగు సంగతి తేల్చిపో. గట్టిగా చెప్పాల, పక్కింటి గోడ కాడ మాబీకి గూడా వినబడేటట్టు."

"నీకు కోపం లేదా అమ్మా?"

"నాకు బిడ్డలే పుట్టలేదు నాయనా."